తగిన పెద్దమనిషి

రాత్రి ఒకటిన్నరకి ఫోను.
గ్రిమ్స్‌బీ పోలీస్ స్టేషన్ నుంచి సార్జెంటు:
"పదమూడేళ్ళవాడు. వాళ్ళమ్మ దొరకడం లేదు.
మీరు రాగలరా?"

ఇంట్లోవాళ్ళు రాలేని పిల్లల పక్కన
కూర్చునే పరాయి మనిషికి ఇక్కడి చట్టం పెట్టిన పేరు
'తగిన పెద్దమనిషి'.
మా వైపు ఆ మాటకి ఇంకో అర్థం ఉంది.
మొదటిసారి పెద్దమనిషినైనప్పుడు
చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టారు.
రెండోసారి యాభై రెండేళ్ళకి,
నేలకి బోల్టులు బిగించిన నీలం కుర్చీలో.
చిమ్మిలి లేదు. కాగితం గ్లాసులో టీ.

కోరీ స్టబ్స్.
బూట్ల తాళ్ళు తీసేసుకున్నారు గనక
ముసలాడిలా కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు.
మైక్రోవేవ్‌లో తిప్పిన బీన్స్ తిని
ఇంకోటి ఉందా అన్నాడు.
ఆ రాత్రి వాడు నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఫారంలో గళ్ళున్నాయి.
దొంగతనమా, ధ్వంసమా, కొట్లాటా, మత్తు మోతా,
ఒంటరిగానా, గుంపుగానా.
సార్జెంటు పెన్ను ఆగి ఆగి నడిచింది.
మే నెలలో సైకిలు.
ఆగస్టులో బస్ షెల్టరు అద్దం.
ఇప్పుడు డాంకాస్టర్ నుంచి వచ్చే ఆఖరి రైల్లో
సాక్సులో ముప్ఫై ఒక్క పొట్లాలు.

'ఎందుకు' అనే గడి లేదు.
ఉంటే మాత్రం ఏం రాస్తాం?
వాళ్ళమ్మకి చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఫోను లాకర్లో పెడితే గానీ లోపలికి పోనివ్వరు.
కొడుకు దొరికిన సంగతి
ఆరింటికి లాకరు తెరిచాక తెలుస్తుంది.
కుర్చీ విసిరాడని బడి బయటికి పంపింది.
సాయంత్రాలు బాక్సింగ్ నేర్పిన హాల్లో
ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.
చికెన్ కొట్టు ముందు ఎవడో పాతికేళ్ళవాడు
"తిన్నావా?" అన్నాడు.
ఆ ఏడాది వాణ్ణి ఆ మాట అడిగినవాడు వాడొక్కడే.
తర్వాత బూట్లు కొన్నాడు. తర్వాత ఫోను.
తర్వాత లెక్క చెప్పాడు.

ఇవే కారణాలని నేననను.
అదే ఇంట్లో పెరిగిన అక్క నర్సింగ్ చదువుతోంది,
సార్జెంటు ఆ మాట రెండుసార్లు అన్నాడు.
సైకిలు పోగొట్టుకున్న పిల్లాడికీ పదేళ్ళే.

మొక్కై వంగనిది మానై వంగునా అని
బెత్తం తీసేముందు మా లెక్కల మాస్టారు అనేవారు.
ఈ మొక్క వంగిందే!
ఎవరు వంచితే వాళ్ళకి వంగింది.
వంగడమే కేసు.

సార్జెంటు హెచ్చరిక చదివాడు:
నువ్వేమీ చెప్పనక్కర్లేదు.
కానీ ఇప్పుడు దాచింది రేపు కోర్టులో చెబితే
నీకే చేటు కావచ్చు.
చెప్పిందేదైనా సాక్ష్యం కావచ్చు.
అర్థమైందో లేదో
వాడి మాటల్లోనే చెప్పించాలి. అది నా పని.
కోరీ గోడ గడియారం చూస్తూ అన్నాడు:
"నోరు మూసినా తప్పే, తెరిచినా తప్పే.
బళ్ళో లాగే."
లాయరమ్మ నవ్వాపుకుంది. నేను ఆపుకోలేకపోయాను.
వాడూ కొంచెం నవ్వాడు. ముందు పన్ను సగం విరిగి ఉంది.

నా సంగతీ చెప్పాలి.
పగలు నాది మందుల షాపు.
పోయిన చలికాలం ఎవరో కుర్రాడు
దగ్గు బిళ్ళల డబ్బా జేబులో వేసుకుంటే
కెమెరా రికార్డింగు తీసి పోలీసులకిచ్చింది నేనే.
వీడు కాదనుకుంటాను.
టోపీ కింద ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి,
లేకపోతే నేను సరిగా చూడలేదు.
ఆ మాట అడగలేదు. టీ చల్లారింది.

ఆరుంపావుకి వాళ్ళమ్మ బయల్దేరిందని కబురు.
ప్లాస్టిక్ సంచిలో తాళ్ళు తిరిగిచ్చారు.
బెంచీ మీద కూర్చుని, నాలిక కొస బయటపెట్టి
ఒక్కో కన్నంలోంచి దూర్చుకుంటూ పోయాడు.
ఎవరూ తొందరపెట్టలేదు.
తెల్ల బూట్లు. మచ్చ లేదు.
కాలికి ఒక సైజు పెద్దవి.
పెరిగే పిల్లాడని
చూసి కొన్నట్టున్నాడు.